బూడిద రంగు బస్సులు, ఆరు ఊళ్లు

హైస్కూలు సాంఘికశాస్త్రంలో నాజీల పాఠం ఉంది. 1933లో హిట్లర్ అధికారంలోకి రావడం, 60 లక్షల మంది యూదులను చంపడం, రెండో ప్రపంచ యుద్ధం, ఇవన్నీ మన పిల్లలు పరీక్షకు చదువుకుంటారు. గ్యాస్ గదుల గురించీ చదువుతారు. అయితే ఆ గ్యాస్ గదులు మొట్టమొదట ఎవరి కోసం కట్టారు అని అడిగితే పిల్లలే కాదు, టీచర్లలో కూడా చాలామంది యూదుల కోసమనే చెబుతారు. నిజానికి వాటిని మొదట కట్టింది ఆసుపత్రుల్లో, ఆశ్రమాల్లో ఉన్న వికలాంగుల కోసం. మూర్ఛ వచ్చేవాళ్లు, పుట్టుకతో చూపు లేనివాళ్లు, మాట రానివాళ్లు, చదువులో వెనకబడి బుద్ధి ఎదగలేదని అనిపించుకున్నవాళ్లు, మనసు చెదిరి ఏళ్ల తరబడి వైద్యశాలల్లో ఉండిపోయినవాళ్లు. వాళ్లను చంపిన చోట్ల ఇప్పుడు స్మారక స్థలాలు ఉన్నాయి. అవి ఎలా వచ్చాయి, ఎందుకంత ఆలస్యంగా వచ్చాయి అన్నది మనం తెలుసుకోవలసిన చరిత్ర.

ముందు చంపడం దాకా ఎలా వచ్చారో చూద్దాం. నాజీలు అధికారంలోకి వచ్చిన ఏడాదే, 1933 జూలైలో ఒక చట్టం చేశారు. వంశపారంపర్య జబ్బు ఉందని ముద్రపడినవాళ్లకు పిల్లలు పుట్టకుండా బలవంతంగా ఆపరేషన్ చేయవచ్చు అన్నది ఆ చట్టం. 1934 జనవరి నుంచి అమలైంది. యుద్ధం ముగిసేలోపు సుమారు 4 లక్షల మందికి ఈ ఆపరేషన్లు చేశారు. దీనికి పేర్లు ఎవరు పంపారు? డాక్టర్లు పంపారు, ఆశ్రమాల అధికారులు పంపారు. చదువులో వెనకబడిన పిల్లల కోసం పెట్టిన ప్రత్యేక పాఠశాలల టీచర్లూ పంపారు. మన వృత్తివాళ్లే. ఈ సంగతి మనకు ఇష్టం లేకపోయినా చెప్పుకోవాలి.

బడి పుస్తకాలను కూడా ఇందుకు వాడుకున్నారు. 1935లో అచ్చైన ఒక గణిత పుస్తకంలో ఒక లెక్క ఉంది. మానసిక రోగుల ఆసుపత్రి కట్టడానికి 60 లక్షల మార్కులు ఖర్చైంది, ఒక ఇల్లు 15 వేల మార్కులకు కట్టవచ్చు, ఆ డబ్బుతో ఎన్ని ఇళ్లు వచ్చేవి అని. జవాబు 400. భాగహారం వచ్చిన ఏ పిల్లాడైనా చేసేస్తాడు. చేసి పలక పక్కన పెట్టేసరికి ఒక్క మాటా చెప్పకుండానే ఆ పిల్లాడికి ఇంకో పాఠం ఎక్కుతుంది: ఆ రోగులు లేకపోతే 400 కుటుంబాలకు ఇళ్లు వచ్చేవి కదా అని. నేను ఎన్నో ఏళ్లుగా లెక్కలు చెబుతున్నాను. లెక్కలో మాటలు ఏవి పెడుతున్నామో చూసుకోవాలని ఈ ఉదాహరణ చదివాకే నాకు గట్టిగా అనిపించింది.

1939 సెప్టెంబర్ 1న జర్మనీ పోలెండ్ మీద దాడి చేసింది. హిట్లర్ తన సొంత లెటర్‌హెడ్ మీద ఒక కాగితం రాసి, అక్టోబర్‌లో సంతకం చేసి, తేదీ మాత్రం సెప్టెంబర్ 1 అని వేశాడు. నయం కాని రోగులకు ‘కారుణ్య మరణం’ ఇచ్చే అధికారం కొందరు డాక్టర్లకు ఇమ్మని అందులో ఉంది. అది చట్టం కాదు, కోర్టు ఉత్తర్వూ కాదు. ఒక్క కాగితం. బెర్లిన్‌లో టియర్‌గార్టెన్ వీధి 4వ నంబర్ బంగళాలో ఇందుకు ఆఫీసు తెరిచారు. ఆ చిరునామా మీదే తర్వాత ఈ హత్యాకాండకు ‘టి4’ అని పేరు వచ్చింది.

ఆ ఆఫీసు నుంచి దేశంలోని ఆసుపత్రులకు, ఆశ్రమాలకు ఫారాలు వెళ్లాయి. రోగి పేరు, జబ్బు, ఎన్నాళ్లుగా ఉన్నాడు, ఏ జాతివాడు, ఏ పని చేయగలడు, ఎవరైనా క్రమంగా చూడటానికి వస్తున్నారా అని అడిగారు. చివరి రెండు ప్రశ్నలను ఆగి చదవండి. పని చేయలేనివాడు, చూడటానికి ఎవరూ రానివాడు ముందు పోతాడు. నిపుణులమని చెప్పుకున్న డాక్టర్లు రోగిని చూడకుండానే ఆ ఫారం మీద గుర్తు పెట్టారు. ఎర్ర పెన్సిల్‌తో కూడిక గుర్తు పెడితే చావు, నీలం పెన్సిల్‌తో తీసివేత గుర్తు పెడితే బతుకు.

మన బడుల్లోనూ వికలాంగ పిల్లల కోసం ఫారాలు నింపుతాం. సదరం క్యాంపుకు తీసుకెళ్తాం, శాతం రాయిస్తాం, 40 దాటితే పెన్షన్, బస్ పాస్ వస్తాయి. ఆ ఫారంలో కూడా జబ్బు, వయసు, ఏ పని చేయగలరు అనే ఉంటాయి. కాగితం ఎప్పుడూ కాగితంలాగే ఉంటుంది. దాన్ని ఎవరు, ఎందుకు అడుగుతున్నారో నింపేవాళ్లకు తెలియాలి. జర్మనీలో మొదట్లో చాలా ఆశ్రమాలవాళ్లకు అది తెలియలేదు. యుద్ధ సమయంలో పనికి పంపడానికేమో అనుకుని, మంచి పనివాళ్లను దాచుకుందామని కొందరు వాళ్లను అసలు కంటే తక్కువ పని చేసేవాళ్లుగా రాశారట. అది వాళ్ల ప్రాణాల మీదికే వచ్చింది.

ఎర్ర గుర్తు పడినవాళ్లను తీసుకెళ్లడానికి బస్సులు వచ్చేవి. వాటికి బూడిద రంగు వేశారు, లోపలివాళ్లు కనిపించకుండా కిటికీ అద్దాలకు కూడా రంగు పూశారు. అవి ఆరు చోట్లకు వెళ్లేవి: గ్రాఫెనెక్, బ్రాండెన్‌బర్గ్, ఆస్ట్రియాలోని హార్ట్‌హైమ్, పిర్నా పట్టణంలోని సోన్నెన్‌స్టైన్, బెర్న్‌బర్గ్, హాడమార్. ఆ ఆరు చోట్లా స్నానాల గదుల్లాగా గ్యాస్ గదులు కట్టారు. లోపలికి కార్బన్ మోనాక్సైడ్ వదిలేవారు. తర్వాత కుటుంబానికి ఉత్తరం వెళ్లేది. న్యుమోనియాతోనో అపెండిసైటిస్‌తోనో చనిపోయాడని, అంటువ్యాధి భయంతో దహనం చేశామని, కావాలంటే బూడిద పంపుతామని. రోగమూ తప్పే, తేదీ కూడా తప్పే. ఎప్పుడో అపెండిక్స్ తీయించుకున్న మనిషికి అదే జబ్బుతో పోయాడని ఉత్తరం వచ్చిన ఇళ్లు ఉన్నాయి. జనానికి అనుమానం అలా మొదలైంది.

హాడమార్‌లో పొగ గొట్టం ఊరంతటికీ కనిపించేది. బస్సు వస్తుంటే ఏం జరుగుతోందో అక్కడి బడిపిల్లలకు కూడా తెలుసని, ఒకరినొకరు ఆ పొయ్యి పేరు చెప్పి తిట్టుకుంటున్నారని లింబర్గ్ బిషప్ 1941 ఆగస్టులో న్యాయశాఖ మంత్రికి ఉత్తరం రాశాడు. అదే నెల 3న మ్యూన్‌స్టర్ బిషప్ గాలెన్ చర్చిలో బహిరంగంగా ఈ హత్యలను ఖండించాడు. ఆగస్టు 24న హిట్లర్ బస్సులను ఆపమన్నాడు. అప్పటికి ఆ ఆరు చోట్లా చంపినవాళ్లు 70,273 మంది. ఈ అంకె మనకు ఎలా తెలిసిందంటే, వాళ్లే రాసి పెట్టుకున్నారు. తర్వాత హార్ట్‌హైమ్ కోటలో అమెరికా సైన్యానికి దొరికిన కాగితాల్లో, ఇంతమంది చనిపోవడం వల్ల పదేళ్లలో 88 కోట్ల 54 లక్షల 39 వేల 800 మార్కులు మిగులుతాయని లెక్క ఉంది. రొట్టె ఎంత, బంగాళాదుంపలు ఎన్ని, జామ్ ఎంత అని విడివిడిగా వేశారు. 1935 నాటి బడి లెక్కకు ఇది పెద్దవాళ్లు చేసిన జవాబు.

అయితే చంపడం నిజంగా ఆగలేదు. గ్యాస్ బదులు మందులు ఎక్కువ మోతాదులో ఇచ్చి, తిండి పెట్టకుండా మాడ్చి ఆసుపత్రుల్లోనే చంపారు. పిల్లల వార్డుల్లో అసలు విరామమే లేదు. కౌఫ్‌బోయిరెన్‌లో అమెరికా సైన్యం ఊళ్లోకి వచ్చేసి నెల గడిచాక, 1945 మే 29న, నాలుగేళ్ల పిల్లాడిని సూదితో చంపారు. మొత్తం మీద ఐరోపాలో ఇలా చనిపోయినవాళ్లు సుమారు 3 లక్షల మంది ఉంటారని చరిత్రకారుల అంచనా. టి4లో పని నేర్చుకున్నవాళ్లే తర్వాత పోలెండ్‌లో యూదుల కోసం కట్టిన మరణ శిబిరాలను నడిపారు. హార్ట్‌హైమ్‌లో పనిచేసిన ఫ్రాంజ్ స్టాంగ్ల్ ముందు సోబిబోర్‌కు, తర్వాత ట్రెబ్లింకాకు అధికారి అయ్యాడు.

ఇక యుద్ధం తర్వాతి సంగతి. నాకు ఎక్కువ బాధ కలిగించేది ఇదే. హార్ట్‌హైమ్ కోట 1898 నుంచి వికలాంగుల ఆశ్రమం. నాజీలు వాళ్లను వెళ్లగొట్టి కోటను లాక్కున్నారు, అక్కడ సుమారు 30 వేల మందిని చంపారు. 1954లో డాన్యూబ్ నదికి వరద వచ్చి ఇళ్లు పోయినవాళ్లను తెచ్చి ఆ కోటలోనే కాపురం పెట్టించారు. వరద బాధితుల తప్పేం లేదు, వాళ్లకూ తలదాచుకునే చోటు కావాలి. కానీ గ్యాస్ గది ఉన్న ఇంట్లో ఏళ్ల తరబడి పొయ్యి వెలిగించుకుని, బట్టలు ఆరేసుకుని బతకడానికి ఎవరికీ అడ్డు రాలేదంటే, చనిపోయినవాళ్లు ఊరి జ్ఞాపకంలో లేనట్టే కదా. 1969లో రెండు గదులను మాత్రం జ్ఞాపకానికి వేరు చేశారు. కోటంతా స్మారక స్థలంగా తెరిచింది 2003లో. అంతకు ముందు తవ్వకాల్లో చనిపోయినవాళ్ల సొంత వస్తువులు మట్టిలోంచి బయటపడ్డాయి. తెలిసిన పేర్లను ఇప్పుడు అక్కడ గాజు పలకల మీద రాశారు.

గ్రాఫెనెక్‌లో చంపింది 10,654 మందిని, 1940 ఒక్క ఏడాదిలో. గ్యాస్ గది ఉన్న కట్టడాన్ని 1965లో కూల్చేశారు. డాక్టర్ల విషయం కూడా ఇలాగే నడిచింది. వియన్నాలో స్పీగెల్‌గ్రుండ్ అనే ఆసుపత్రిలో 789 మంది పిల్లలు చనిపోయారు. అక్కడి డాక్టర్ హైన్‌రిచ్ గ్రాస్ ఆ పిల్లల మెదళ్లను సీసాల్లో దాచి, యుద్ధం తర్వాత కూడా వాటి మీద పరిశోధన వ్యాసాలు రాసుకున్నాడు, కోర్టులకు నిపుణుడిగా సాక్ష్యం చెప్పాడు. చిన్నప్పుడు అదే ఆసుపత్రిలో బందీగా ఉండి బతికి బయటపడ్డ ఫ్రీడ్రిచ్ జావ్రెల్ 1975లో జైల్లో ఉండగా, తనను పరీక్షించడానికి వచ్చిన డాక్టర్ ఎవరో గుర్తుపట్టాడు. అతనే గ్రాస్. 2000లో విచారణ మొదలైంది కానీ జ్ఞాపకశక్తి పోయిందని చెప్పి ఆపేశారు. ఆ పిల్లల అవశేషాలను 2002లో ఖననం చేశారు. ఆసుపత్రి ఆవరణలో 772 వెలుగు స్తంభాలు పిల్లలకు గుర్తుగా నిలబెట్టారు. జావ్రెల్ చనిపోయేదాకా బడులు తిరిగి పిల్లలకు తన కథ చెప్పాడు.

ఎందుకింత ఆలస్యం? యూదుల తరఫున, రాజకీయ ఖైదీల తరఫున మాట్లాడటానికి బతికినవాళ్లు, సంఘాలు ఉన్నాయి. వికలాంగుల తరఫున మాట్లాడవలసినది వాళ్ల కుటుంబాలే. ఆ కుటుంబాలు సిగ్గుపడ్డాయి. మా ఇంట్లో పిచ్చివాడు ఉండేవాడు అంటే ఆడపిల్ల పెళ్లి ఆగిపోతుందని భయం. అందుకే పెద్దలు ఆ పేరు ఎత్తలేదు, ఫోటోలు తీసేశారు. ప్రభుత్వమూ పట్టించుకోలేదు. బలవంతపు ఆపరేషన్లు చేయించుకున్నవాళ్లకు 1980 నుంచి ఒక్కసారి 5,000 మార్కులు ఇచ్చారు. చివరికి పేర్లు రాసేటప్పుడు కూడా ఆర్కైవ్‌లవాళ్లు, పరిశోధకులు ఇంటిపేరు పూర్తిగా రాయకుండా మొదటి అక్షరంతో వదిలేసేవారు. బంధువుల పరువు కాపాడటానికట. అది పరువు కాపాడటం అని నేను అనుకోను. చనిపోయినవాళ్లను రెండోసారి రోగుల ఫైలులోకి తోసేయడం అది.

ఆ సిగ్గును తెంచిన ఒక కుటుంబం గురించి చెప్పాలి. ఆన్నా లేన్‌కెరింగ్ 1915లో పుట్టింది. చదువు సరిగా రాక ప్రత్యేక పాఠశాలకు వెళ్లింది. నాజీల చట్టం కింద ఆమెకు పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేశారు, తర్వాత ఆసుపత్రిలో పెట్టారు. 1940 మార్చిలో గ్రాఫెనెక్‌లో చంపేశారు. అప్పటికి వయసు 24. ఆమె సోదరుడి కూతురు జిగ్రిడ్ ఫాల్కెన్‌స్టైన్ బెర్లిన్‌లో టీచర్. ఆమెకు మేనత్త ఎలా పోయిందో ఇంట్లో ఎవరూ చెప్పలేదు. 2003లో ఇంటర్నెట్‌లో టి4 మృతుల జాబితాలో ఆన్నా పేరు కనిపించింది. అప్పుడు తండ్రిని అడిగింది, ఆసుపత్రుల్లో పాత కాగితాలు వెతికింది, 2012లో పుస్తకం రాసింది. మేనత్త పేరును పూర్తిగా, ఇంటిపేరుతో సహా రాసింది.

అంతటితో ఊరుకోలేదు. టి4 ఆఫీసు ఉన్న టియర్‌గార్టెన్ వీధిలో బంగళా ఎప్పుడో పోయింది. అక్కడ పెద్ద సంగీత భవనం, బస్సులు ఆగే చోటు ఉన్నాయి. 1989లో నేలలో ఒక ఫలకం అమర్చారు, తల వంచి చూస్తే గాని కనిపించదు. ఇక్కడ సరైన స్మారకం కావాలని ఫాల్కెన్‌స్టైన్ లాంటివాళ్లు ఏళ్ల తరబడి అడిగారు. 2011లో జర్మనీ పార్లమెంటు ఒప్పుకుంది. 2014 సెప్టెంబర్ 2న స్మారకం తెరిచారు. అది 24 మీటర్ల పొడవైన నీలి గాజు గోడ. అవతలివాళ్లు ఇవతలివాళ్లకు కనిపిస్తారు, కానీ మధ్యలో గోడ ఉంటుంది.

నన్ను అడిగితే అన్నింటికంటే బలమైన స్మారకం రావెన్స్‌బర్గ్ దగ్గర వైసెనావ్‌లో ఉంది. అక్కడి ఆసుపత్రి నుంచి 691 మందిని బస్సుల్లో తీసుకెళ్లి చంపారు. హోర్స్ట్ హోహైసెల్, ఆంద్రియాస్ క్నిట్జ్ అనే ఇద్దరు కళాకారులు ఆ బస్సును నిజమైన కొలతల్లో కాంక్రీటుతో పోతపోశారు. నిలువునా రెండుగా చీల్చినట్టు ఉంటుంది, మధ్యలోంచి మనిషి నడిచి వెళ్లవచ్చు. లోపలి గోడ మీద ఒక రోగి అడిగిన ప్రశ్న చెక్కారు: ‘మమ్మల్ని ఎక్కడికి తీసుకెళ్తున్నారు?’ బస్సులు బయటికి వెళ్లిన పాత గేటు దారిలోనే దాన్ని 2007లో శాశ్వతంగా నిలిపారు. అలాంటిదే రెండో బస్సు ఒకటి ఉంది, అది ఒక చోట ఉండదు. ట్రక్కు మీద ఊరూరా వెళ్తుంది. 2008లో బెర్లిన్‌లో టి4 చిరునామా ముందే ఏడాది పాటు నిలబడింది. తమ ఊరికి కావాలంటే ఆ ఊరివాళ్లే ముందుకు వచ్చి తెప్పించుకోవాలి. అలా తెప్పించుకునేటప్పుడు మన ఊరి నుంచి ఎవరిని ఎక్కించారు అన్న ప్రశ్న తప్పదు.

ఇంకో స్మారకం అరచేయంత ఉంటుంది. గుంటర్ డెమ్‌నిగ్ అనే కళాకారుడు ఇత్తడి రేకు తొడిగిన చిన్న రాళ్లను, చనిపోయినవాళ్లు చివరగా ఉన్న ఇంటి ముందు నడక దారిలో పాతుతున్నాడు. పేరు, పుట్టిన ఏడు, చంపిన చోటు ఉంటాయి. ఇప్పటికి లక్షకు పైగా పాతారు, యూదులతో పాటు రోమాలకు, వికలాంగులకు కూడా. పోయినవాళ్లకు రాయి పాతడం మనకు కొత్త కాదు గనుక ఇది మనకు తొందరగా అర్థమవుతుంది.

ఎర్న్‌స్ట్ లోసా గురించి చెప్పకపోతే ఈ వ్యాసం మన పుస్తకంలో ఎందుకు అని మీరు అడగవచ్చు. ఎర్న్‌స్ట్ యేనిష్ పిల్లాడు. యేనిష్‌లు ఊరూరా తిరిగి సామాన్లు అమ్ముకుని బతికే జనం. పుట్టుకతోనే పనికిరానివాళ్లు, దొంగలు అని వాళ్ల మీద ముద్ర. తల్లి పోయింది, తండ్రి నిర్బంధ శిబిరంలో చనిపోయాడు. పిల్లాడికి ఏ వైకల్యమూ లేదు. అల్లరి చేస్తున్నాడని ఒక ఆశ్రమం నుంచి ఇంకోదానికి మార్చి చివరికి మానసిక వైద్యశాలలో పడేశారు. అక్కడ రోగులను ఆకలితో మాడుస్తుంటే కొట్టు గదిలోంచి తిండి దొంగిలించి వాళ్లకు పెట్టేవాడు. 1944 ఆగస్టు 9న ఇర్సేలో రాత్రిపూట సూది వేసి చంపారు. వయసు 14. యుద్ధం తర్వాత విచారణలో ఆ ఆసుపత్రివాళ్లే ఇది చెప్పారు గనుక మనకు తెలిసింది. అతని కథ మీద 2016లో సినిమా కూడా వచ్చింది.

1871లో బ్రిటిష్‌వాళ్లు మన దేశంలో నేరస్థ తెగల చట్టం తెచ్చి, పుట్టిన తెగను బట్టి మనిషిని దొంగ అన్నారు. ఎరుకల కుటుంబాలను స్టువర్టుపురం సెటిల్‌మెంటులో పెట్టి హాజరు వేయించారు. ఆ చట్టం 1952లో పోయింది. ఆ రెండూ ఒకటే అని నేను అనను. జర్మనీలో జరిగినది వేరే స్థాయి. కానీ ఎర్న్‌స్ట్ ఫైలులో ‘వంశం’ అన్న మాట ఎక్కడ మొదలై ఎక్కడ తేలిందో చూస్తే, వికలాంగుడి మీద వేసిన ముద్ర వికలాంగుడి దగ్గరే ఆగదని అర్థమవుతుంది.

పేర్ల పని ఇంకా సాగుతూనే ఉంది. తూర్పు జర్మనీ రహస్య పోలీసుల దగ్గర దాచి ఉన్న సుమారు 30 వేల రోగుల ఫైళ్లు రెండు జర్మనీలు కలిశాక బయటపడ్డాయి. 2018లో జర్మనీ జాతీయ ఆర్కైవ్ ఆ పేర్ల జాబితాను పూర్తి పేర్లతో అందరికీ అందుబాటులో పెట్టింది. 2025 జనవరిలో పార్లమెంటు వీళ్లను నాజీల పీడనకు గురైనవాళ్లుగా గుర్తిస్తూ తీర్మానం చేసింది. బస్సులు బయలుదేరి అప్పటికి 85 ఏళ్లు. బలవంతపు ఆపరేషన్ చేయించుకున్నవాళ్లలో ఆ మాట వినడానికి బతికి ఉన్నవాళ్లు చాలా కొద్దిమంది.

ఈ స్థలాల్లో కొన్ని ఖాళీ మ్యూజియంలు కావు. హాడమార్‌లో ఇప్పటికీ మానసిక వైద్యశాల నడుస్తోంది, దాని కింద గచ్చు పలకలతో సహా ఆ గది అలాగే ఉంది. పిర్నాలో స్మారకం ఉన్న చోటే వికలాంగులు పనిచేసే వర్క్‌షాపు ఉంది. గ్రాఫెనెక్‌లో వికలాంగులు కాపురం ఉంటున్నారు, తోట పని చేసుకుంటున్నారు. వాళ్ల ఇళ్ల దగ్గరే చనిపోయినవాళ్ల పేర్ల పుస్తకం, దాని పక్కన చిన్న అక్షరాల తోట ఉన్నాయి. నేలలో చిన్న రాళ్ల మీద ఏ నుంచి జెడ్ దాకా 26 అక్షరాలు చెక్కారు, ఇంకా పేరు దొరకనివాళ్ల కోసం. బ్రాండెన్‌బర్గ్ స్మారక స్థలంలో వచ్చిన గుంపులకు దారి చూపి చరిత్ర చెప్పే గైడ్లలో, నేర్చుకోవడంలో ఇబ్బంది ఉన్నవాళ్లు కూడా ఉన్నారు. వాళ్లు సులభమైన భాషలో, చిన్న వాక్యాల్లో చెబుతారు.